ఎర్ర కుచ్చుటోపీలూ, ఏటా రెండు డాలర్లూ

ముందు ఒక ఫొటో గూర్చి చెబుతాను.

1970లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఎవాన్స్‌విల్ అనే ఊళ్లో తీసిన ఫొటో అది. పిల్లలను విహారానికి తీసుకువచ్చిన చోట ఆ ఊరి పత్రిక ఫొటోగ్రాఫరు ఒకాయన తీశాడు. అందులో వున్నది ఇద్దరే మనుషులు. ఒక పెద్దమనిషి మనవైపు వీపు పెట్టి నడిచి వెళ్లిపోతున్నాడు. నెత్తిన కుచ్చు వేలాడే టోపీ. ఒక చేత్తో చిన్నపిల్లను ఎత్తుకున్నాడు. రెండో చేతిలో ఆ పిల్ల చంకకర్రలు పట్టుకున్నాడు. అంతే.

ఆయన ఆ పిల్లకు తండ్రి కాదు, తాత కాదు, చుట్టమూ కాదు. ఊళ్లో వున్న ఒక క్లబ్బు మెంబరు. నలుగురితో కలిసి నవ్వుకోవడానికి ఆ క్లబ్బులో చేరినవాడు. ఆ ఫొటోకు "మాటలు లేని సంపాదకీయం" అని పేరు వచ్చింది. దాన్ని చూసి విగ్రహాలు పోతపోసి ఆస్పత్రుల ముంగిళ్లలో నిలబెట్టారు.

స్వామికార్యమూ, స్వకార్యమూ రెండూ నెరవేరాయని మన పెద్దవాళ్లు అంటూ వుంటారు. ఆ మాటకు ఈ టోపీవారి కథకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. అయితే ఆ రెండు కార్యాలూ ఒకదానితో ఒకటి పేచీపడ్డ రోజులు కూడా వున్నాయి. అవీ దాచకుండా చెబుతాను.

నవ్వుకోవడానికి పుట్టిన సంఘం

ఫ్రీమేసన్లంటే ఎవరో హైదరాబాదు పాతకాపులకు చెప్పనక్కరలేదు. గోషామహల్లో తానీషా కాలంనాటి బారాదరి ఒకటున్నది. అందులో చాలాకాలంగా మేసన్ల లాడ్జి నడుస్తున్నది. తలుపులు మూసుకుని లోపల ఏదో తంతు జరుపుకుంటారు కనుక, అలాంటి భవనాలను మన దేశంలో జనం "జాదూఘర్" అని పిలిచేవారు. నిజానికి లోపల జాదూ ఏమీ లేదు. పెద్దమనుషులు కలుసుకుని, మనమంతా సోదరులమని ప్రమాణాలు చేసి, కొన్ని పాత క్రతువులు నడుపుకుని, కలిసి భోజనం చేసి ఇళ్లకు వెళతారు.

1870 ప్రాంతంలో న్యూయార్కు మేసన్లు కొందరు నికర్‌బాకర్ కాటేజి అనే భోజనశాలలో ఒక బల్ల దగ్గర చేరుతూ వుండేవారు. మన సంఘంలో తంతు ఎక్కువైంది, సరదా తక్కువైంది అని వాళ్ల బాధ. వారిలో వాల్టర్ ఫ్లెమింగ్ అనే డాక్టరు ఒకడు, విలియం ఫ్లారెన్స్ అనే నాటకాల నటుడు ఒకడు. ఫ్రాన్సులో మార్సేల్ రేవుపట్నంలో ఒక అరబ్బు దౌత్యవేత్త ఇచ్చిన విందుకు ఫ్లారెన్స్ వెళ్లాడనీ, అక్కడి వేషాలూ సంగీతమూ చూసి ముచ్చటపడి వచ్చాడనీ వారు చెప్పుకునే కథ. నటుడు ముచ్చట పట్టుకొచ్చాడు, డాక్టరు దానికి నియమాలు రాశాడు. 1872లో సంఘం పుట్టింది.

దానికి పెట్టిన పేరు చాంతాడంత. "ఏన్షంట్ అరబిక్ ఆర్డర్ ఆఫ్ ది నోబుల్స్ ఆఫ్ ది మిస్టిక్ ష్రైన్". ఆ ఇంగ్లీషు పేరులో ముఖ్యమైన మాటల మొదటి అక్షరాలను అటూ ఇటూ మారిస్తే "ఎ మేసన్" అని వస్తుంది. మన అవధానులు మెచ్చుకోదగ్గ చమత్కారమే! జనం మాత్రం అంత పేరును నోట పట్టించుకోలేక "ష్రైనర్లు" అని సరిపెట్టుకున్నారు.

నెత్తిన పెట్టుకునే ఎర్ర కుచ్చుటోపీ, నిజాం కాలంలో హైదరాబాదు పెద్దలు పెట్టుకున్న రూమీ టోపీకి చుట్టమే. ఊరూరా వున్న శాఖలను "టెంపుల్స్" అన్నారు. వాటికి మెక్కా, మొరాకో లాంటి పేర్లు పెట్టుకున్నారు. అరబ్బు దేశంతో గాని, ఇస్లాం మతంతో గాని వీరికి సంబంధం ఏమీ లేదు. మన పల్లెల్లో పగటివేషగాళ్లు కట్టే వేషం లాంటిదే అదంతా.

తెల్లవారుజామున వినిపించిన పాట

విందులు, వూరేగింపులు, బాండుమేళాలు. నలభై యాభై ఏళ్లు వారి ముఖ్య వ్యాపకం అదే. ఆపద వచ్చినప్పుడు చెయ్యి చాచలేదని కాదు. 1888లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పచ్చజ్వరం చెలరేగినప్పుడు రోగులకు సాయపడ్డారు. 1889లో జాన్స్‌టౌన్ వరదలో, 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో డబ్బు పంపారు. కాని అవన్నీ ఇల్లు కాలినప్పుడు పోసే నీళ్లు. మాదంటూ ఒక ధర్మకార్యం ఇదీ అని చెప్పుకోవడానికి ఏదీ లేదు.

1919లో ఫిలడెల్ఫియావాడైన ఫ్రీలాండ్ కెండ్రిక్ సంఘానికి పెద్ద అయ్యాడు. అట్లాంటాలో మేసన్లు నడిపే ఒక పిల్లల ఆస్పత్రిని ఆయన చూశాడు. పోలియో వచ్చినవారూ, పుట్టుకతోనే కాళ్లు వంకరపోయినవారూ అయిన బీదపిల్లలు అక్కడ మంచాలమీద వున్నారు. ఆ దృశ్యం ఆయనను వదలలేదు. మనమూ ఇలాంటిది పెట్టాలని దేశమంతా తిరిగి శాఖశాఖకూ చెప్పాడు.

1920 జూన్‌లో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో మహాసభ జరిగింది. సభ్యుడు ఒక్కొక్కడూ ఏటా రెండు డాలర్లు ఇవ్వాలి, ఆ డబ్బుతో పిల్లల ఆస్పత్రి కట్టాలి అని తీర్మానం పెట్టారు. ఇది మనకెందుకు, ముందు ఇంకా ఆలోచించుకోవద్దా అని కొందరు గొణిగారు. మంచి పని తలపెట్టిన ఏ సభలోనైనా ఈ గొణుగుడు తప్పదు గదా!

అప్పుడు అట్లాంటావాడైన ఫారెస్ట్ అడేర్ లేచాడు. ఆయన ఉపన్యాసం ఒక పిట్టకథతో మొదలైంది. ముందురోజు తెల్లవారుజామున హోటలు గదిలో పడుకుని వుంటే, వీధిలో ఎవరో బాండువాడు ఒంటరిగా బూరా వూదుతున్నాడట. అది నీటిబుడగలు వూదడం గూర్చి అప్పట్లో అందరి నోళ్లలోనూ నానుతున్న పాట. తరువాత నిద్రలేచాక అడేర్ ఆలోచనలో పడ్డాడట. ఇన్నాళ్లూ మనం చేసింది కూడా బుడగలు వూదడమేనా? పాటలకు ఖర్చుపెట్టాం, బాండుకు ఖర్చుపెట్టాం, ఇక మనుషులకు ఖర్చుపెట్టవద్దా? ఇచ్చిన రెండు డాలర్లకు తరువాత ఎవరైనా విచారిస్తే, వారికి నా సొంత డబ్బు తిరిగి ఇచ్చేస్తాను అని కూడా ఆయన అన్నాడు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అప్పటికి సభ్యులు మూడున్నర లక్షలకు పైమాటే. తలకు రెండు డాలర్ల చొప్పున ఏటా ఏడు లక్షల డాలర్లు! చుక్కచుక్కా కలిస్తే ఏరు కావడమంటే ఇదే.

పాదం పైభాగంతో నడిచిన పిల్ల

మొదటి ఆస్పత్రి 1922లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో తెరిచారు. అక్కడ చేరిన మొట్టమొదటి రోగి ఒక చిన్న ఆడపిల్ల. పుట్టుకతోనే ఆ పిల్ల పాదాలు లోపలికి మడతపడి వున్నాయి. అరికాలు నేలకు ఆనదు కనుక, పాదం పైభాగం నేలకు ఆనించి నడవడం నేర్చుకున్నది! ఒక్క క్షణం ఆగి, మీ పాదాన్ని అలా తిప్పి ఆనించి చూడండి. ఆ నడక ఎలాంటిదో తెలుస్తుంది.

మినియాపోలిస్‌లో పెట్టిన ఆస్పత్రిలో మొదట చేరినవాడు బ్లాక్‌ఫుట్ తెగకు చెందిన ఆదివాసి కుర్రవాడు. వాడికి పోలియో. ఆ దశాబ్దం ముగిసేలోగా పదికి పైగా ఊళ్లలో ఇలాంటి ఆస్పత్రులు లేచాయి. నియమం ఒక్కటే: పిల్ల తల్లిదండ్రుల దగ్గర దమ్మిడీ పుచ్చుకోకూడదు. శస్త్రచికిత్స, పడక, భోజనం, కాళ్లకు తొడిగే ఇనుప కమ్ములు, ఏదీ అమ్మకానికి కాదు.

ఇక్కడొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. మనుషులంతా సోదరులన్న ఈ సంఘంలో నల్లజాతివారికి చోటుండేది కాదు. వారు 1893లో షికాగోలో తమ సంఘం తాము పెట్టుకున్నారు. వివేకానందుడు "సోదర సోదరీమణులారా" అని సంబోధించిన సంవత్సరమూ, వూరూ కూడా అవే! ఆ పేరూ, ఆ టోపీ మీరు వాడకూడదని తెల్లవారు కోర్టుకెక్కారు. దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1929లో నల్లవారే గెలిచారు.

కాలిన వొళ్లు, కొత్త చర్మం

1955లో జోనాస్ సాల్క్ కనిపెట్టిన టీకా వచ్చింది. అమెరికాలో పోలియో త్వరత్వరగా తగ్గిపోయింది. ఆస్పత్రి పడకలు ఖాళీ కావడం మొదలైంది. ఇంక పని అయిపోయిందని తాళాలు వేసుకోవచ్చు. కాని వారు ఇంకేమున్నదని వెతికారు.

నిప్పు అంటుకుని కాలిన పిల్లలు వున్నారు. అప్పట్లో అమెరికాలో కాలిన గాయాలకు ప్రత్యేక వైద్యం దొరికేది ముఖ్యంగా సైనికుల ఆస్పత్రిలో. సామాన్యుల పిల్లలకు దిక్కులేదు. 1960లలో ష్రైనర్లు ఆ పనికి పూనుకున్నారు. 1966లో గాల్వెస్టన్‌లో, 1968లో సిన్సినాటిలోను, బోస్టన్‌లోను కాలిన పిల్లలకోసం ఆస్పత్రులు తెరిచారు. చికిత్సతోపాటు పరిశోధన కూడా అక్కడే జరగాలన్నారు.

దాని ఫలం ఎలాంటిదో ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. 1983లో వ్యోమింగ్ రాష్ట్రంలో ఇద్దరు అన్నదమ్ములు, అయిదేళ్లవాడూ ఆరేళ్లవాడూ, మంటల్లో చిక్కుకున్నారు. వొంటిమీద చర్మం నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా కాలిపోయింది. అంత కాలినవారు బతకరని అప్పటి లెక్క. కాలిన చోట అతకడానికి ఇంకోచోటినుంచి చర్మం తీయాలి. తీయడానికి చోటేదీ?

పిల్లలను బోస్టన్ ఆస్పత్రికి చేర్చారు. చంకలో మిగిలివున్న చర్మంనుంచి తపాలా బిళ్లకంటె చిన్న ముక్క తీశారు. హార్వర్డ్‌లో హోవర్డ్ గ్రీన్ అనే శాస్త్రజ్ఞుడు చర్మకణాలను గాజుపాత్రల్లో పెంచే విద్య కనిపెట్టి వున్నాడు. ఆ చిన్న ముక్కను వారాల తరబడి పెంచి, పలచని పొరలు పొరలుగా తయారుచేసి, పిల్లల వొంటిమీద అతికారు. పిల్లలు బతికారు. ఆ బోస్టన్ ఆస్పత్రిలోనే జాన్ బర్క్ అనే సర్జను, యానిస్ యానస్ అనే ఇంజనీరుతో కలిసి కృత్రిమ చర్మం తయారుచేసి 1981లో లోకానికి ప్రకటించాడు.

పోర్ట్‌లండ్ సభలో రెండు డాలర్లిచ్చినవాడు ఇంతవరకూ ఊహించి వుంటాడా?

ఉల్లిపాయలు, అట్లు, సర్కసు

ఇంతవరకూ చెప్పినది మహాసభల సంగతి. డబ్బు పుట్టేది మాత్రం ఊళ్లల్లోనే. పెద్ద వూళ్లో శాఖ వుంటే, దానికింద చిన్న వూళ్లల్లో క్లబ్బులు వుంటాయి. మెంబర్లు బడిపంతుళ్లు, దుకాణదారులు, ప్లంబర్లు, రైతులు, రిటైరయిన వుద్యోగులు. వారిలో చాలామందికి తలలు నెరిసి వుంటాయి.

జాతీయ పండుగ వచ్చిందంటే భారీ మనుషులు బొమ్మకారంత చిన్న కార్లలో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుని, బజారులో గిరగిర తిరుగుతారు. కొందరు ముఖానికి రంగు పూసుకుని విదూషకులవుతారు. ఆస్పత్రి పిల్లల దగ్గరికీ అదే వేషంలో వెళ్లి నవ్విస్తారు. జార్జియాలో పండే తియ్యని విడాలియా ఉల్లిపాయలను బస్తాలుగా తెప్పించి అమ్ముతారు. ఆదివారం ఉదయం అట్లు పోసి వూరివారికి వడ్డిస్తారు. చేపలు వేయిస్తారు. కూడలిలో నిలబడి పత్రికలు అమ్ముతారు.

అన్నిటికంటె నాకు నచ్చింది వారి బండి సేవ. ఆస్పత్రి ఎక్కడో వందల మైళ్ల దూరంలో వుంటుంది. తల్లికి కారుండదు, తండ్రికి సెలవుండదు. అప్పుడు క్లబ్బు మెంబరు ఒకాయన తెల్లవారకముందే వ్యాను తెచ్చి వాకిట్లో ఆపుతాడు. పిల్లనూ తల్లినీ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకువెళ్లి, డాక్టరు చూసేదాకా కూర్చుని, మళ్లీ ఇంటికి చేరుస్తాడు. పెట్రోలు ఖర్చు గూర్చి తల్లి బెంగపడనక్కరలేదు.

ఆడవారు 1913లో సియాటిల్‌లో "డాటర్స్ ఆఫ్ ది నైల్" అని తమ సంఘం పెట్టుకున్నారు. ఆస్పత్రి పిల్లలకు దుస్తులు, దుప్పట్లు కుట్టిపెట్టడం వారి పని. కాలికి పెద్ద కట్టు వున్న పిల్లకు మామూలు గౌను ఎక్కదు గదా. కట్టును బట్టి కుట్టాలి. అది తల్లులకే తెలుస్తుంది.

1925లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తూర్పు పడమర కాలేజీ కుర్రాళ్లకు ఫుట్‌బాల్ పందెం పెట్టారు. బలమైన కాళ్లు పరుగెత్తితే బలంలేని కాళ్లు నడుస్తాయి అని దాని నినాదం. గడియారపు ముల్లు పట్టుకుని మేడమీదినుంచి వేలాడిన హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ మన పెద్దవారికి గుర్తుండే వుంటాడు. ఆయన కూడా ఎర్రటోపీవాడే! 1949లో సంఘానికంతకూ పెద్ద అయ్యాడు.

సర్కసు సంగతి వేరుగా చెప్పాలి. 1906లో డెట్రాయిట్ శాఖవారు మొదలుపెట్టారు. తరువాత ఊరూరా ష్రైన్ సర్కసు వచ్చిందంటే పిల్లలకు పండుగ. టిక్కెట్టు కొనే తండ్రి, నా డబ్బు ఆస్పత్రికి పోతున్నదనుకునేవాడు. 1986లో ఫ్లోరిడాలోని ఒక దినపత్రిక లెక్కలు తిరగవేసింది. సర్కసు రాబడిలో ఎక్కువభాగం క్లబ్బుల భవనాలకూ, వేడుకలకూ పోతున్నదనీ, ఆస్పత్రికి చేరేది బహుస్వల్పమనీ తేల్చింది.

ఇది చదివినప్పుడు నేను పరాయివారిని చూసి నవ్వలేకపోయాను. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచెత్తిన తరువాత, నేనప్పుడు పనిచేస్తున్న కళాశాలలో వరదబాధితుల సహాయార్థం నాటకం వేశాం. హాలు నిండింది. మరునాడు కూర్చుని లెక్క చూసుకుంటే హాలు అద్దె, మైకు, తెరలు, మేకప్పు, ముఖ్య అతిథికి శాలువా, అందరికీ టిఫిన్లు! మిగిలినది చూసి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ దొంగలు కారు. అందరూ మంచివారే. ఖర్చు ఎంత దాటకూడదో ముందు గీత గీసుకోలేదు, అంతే. నాకు ఇప్పటికీ ఆ శాలువా గుర్తుకొస్తుంది. ఎందుకంటే, కొందామన్నది నేనే.

ష్రైనర్లలోనూ తరువాత గీత పడింది. క్లబ్బు నడుపుకోవడానికి పోగుచేసేది వేరు, ఆస్పత్రికోసం పోగుచేసేది వేరు. సర్కసు రాబడి శాఖ నిర్వహణకేననీ, దాన్ని ఆస్పత్రి విరాళంగా లెక్కించకూడదనీ టిక్కెట్లమీద, ప్రకటనల్లో చెప్పడం వాడుకైంది. ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. రాబడి తగ్గవచ్చు. కాని నమ్మకం తగ్గితే ఉల్లిపాయ కూడా అమ్ముడుపోదు.

చేతులెత్తిన రోజు

మన భాష మారినట్టే వారి భాషా మారింది. "కుంటి" అనే మాటను మనం మర్యాదస్తుల నోట వినడం మానేశాం. ఆస్పత్రుల పేరులో వున్న అలాంటి ఇంగ్లీషు మాటను వారు 1996లో తీసివేశారు. ఇప్పుడు "ష్రైనర్స్ పిల్లల ఆస్పత్రులు" అంతే.

కాని పేరు మారినంత సులభంగా జమాఖర్చులు మారవు. 1970ల చివర తొమ్మిది లక్షలు దాటిన సభ్యులు ఏటేటా తగ్గుతూ వచ్చారు. పెద్దవారు పోతున్నారు, కుర్రవారు క్లబ్బుల్లో చేరడం లేదు. 2008లో షేర్ల బజారు కూలినప్పుడు, ఆస్పత్రుల మూలనిధి ఎనిమిది వందల కోట్ల డాలర్లనుంచి అయిదు వందల కోట్లకు పడిపోయింది. దాని రాబడిమీదే ఆస్పత్రులు నడవాలి.

2009 జూలైలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మహాసభ. ఆరు ఆస్పత్రులు మూసివేద్దామా అన్నది ప్రశ్న. ఆ ఆరింటిలో ష్రీవ్‌పోర్ట్ వున్నది. మొదటి పిల్ల నడక నేర్చుకున్న చోటు! కాలిన పిల్లల గాల్వెస్టన్ కూడా వున్నది. లెక్కలు చూస్తే మూయాలి. మనసు చూస్తే మూయరాదు. ప్రతినిధులు వోటు వేశారు. ఏదీ మూయవద్దన్నారు.

అయితే వూరికే కాదు. తొంభై ఏళ్లుగా పట్టుకున్న నియమం ఒకటి సడలించుకోవలసి వచ్చింది. భీమా వున్న కుటుంబమైతే ఆ భీమా కంపెనీనుంచి డబ్బు తీసుకోవచ్చునన్నారు. ఇవ్వలేని తల్లిదండ్రుల పిల్లను మాత్రం వెనక్కు పంపరాదన్నారు. తరువాతి కాలంలో కొన్నిచోట్ల పడకలు తీసివేసి, వచ్చి చూపించుకుని పోయే వైద్యశాలలుగా మార్చారు. ప్రతిజ్ఞ అక్షరం కొంత మారింది. ప్రాణం మారలేదు. నియమభంగమని కొందరు అప్పుడు బాధపడ్డారట. నాకు మాత్రం, నియమం కోసం పిల్లను వదులుకోకుండా, పిల్ల కోసం నియమాన్ని సవరించుకున్నారనిపిస్తుంది.

ఈసారి మీ గుమ్మంలోకి చందా పుస్తకం పట్టుకుని పేట కుర్రాళ్లు వస్తారు. వస్తే విసుక్కోకండి. పందిరి వేసుకోనివ్వండి, పాటలు పెట్టుకోనివ్వండి. నలుగురు కలిసి నవ్వుకోవడం పాపం కాదు. ఎర్రటోపీలవారు నవ్వుకుంటూనే ఇంత చేశారు. రసీదు తీసుకునేటప్పుడు మాత్రం ఒక్క మాట అడగండి: "నాయనా, ఇందులో మీ పందిరికెంత, అవతలివారికెంత?" అని. కుర్రాడు తడుముకోకుండా చెబితే, ఇద్దామనుకున్నదానికి ఇంకో పది రూపాయలు కలిపి ఇవ్వండి.